లాగర్ ఫైల్లో తేదీ బదులు పదంకెల నంబరు వస్తోంది, టైము ఎలా తెలుసుకోవాలి?

గుంటూరు_స్టోర్ (మే 14, 2025, సాయంత్రం 6:12)

అందరికీ నమస్కారం. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. కంప్యూటర్ అంటే నాకు ఎక్సెల్ వరకే తెలుసు. మా చాంబర్లలో ఉష్ణోగ్రత రాసుకునే లాగర్ ఒకటి ఉంది, తలుపు తెరిచినప్పుడల్లా నమోదు చేసే పెట్టె ఇంకొకటి ఉంది. రెండూ వేర్వేరు కంపెనీలవి. ఫైళ్లు దించి దాచడమే తప్ప ఇంతవరకు ఎవరూ తెరిచి చూసింది లేదు.

12వ తేదీ రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ వెంటనే అందుకోలేదు. ఒక చాంబర్లో వేడి పెరిగింది. రైతుల టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయి కాబట్టి ఓనర్ గారు గట్టిగా అడుగుతున్నారు: వేడి ఎప్పుడు మొదలైంది, ఆపరేటర్ ఎప్పుడు వెళ్లి తలుపు తీశాడు? ఫైలు తెరిస్తే టైము ఉండాల్సిన చోట ఇవి ఉన్నాయి.

వేడి పెరగడం మొదలైన వరుస: 1747086120
తలుపు తెరిచిన వరుస: 1747066380000

రెండో ఫైల్లో చాలా చోట్ల 1.74707ఇ+12 అని కనబడుతోంది. ఫైలు పాడైందా? వీటిని మామూలు తేదీగా మార్చే దారి చెప్పండి.

సర్వర్_రూమ్ (మే 14, సాయంత్రం 6:40)

పాడవలేదండీ. ఇది యూనిక్స్ టైమ్. 1970 జనవరి 1, గ్రీనిచ్ లెక్కలో అర్ధరాత్రి సున్నా గంటల నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఆ సంఖ్య. పదంకెలు ఉంటే సెకన్లు, పదమూడు ఉంటే మిల్లీసెకన్లు.

ఎక్సెల్‌లో అయితే పదంకెల దాన్ని 86400తో భాగించి 25569 కలపండి. పదమూడంకెల దాన్ని 86400000తో భాగించి 25569 కలపండి. ఆ గడికి డేట్, టైమ్ ఫార్మాట్ ఇవ్వండి. 86400 అంటే రోజుకు ఉండే సెకన్లు, 25569 అంటే ఎక్సెల్ తన లెక్కలో 1970 జనవరి 1కి ఇచ్చుకున్న నంబరు. వచ్చేది గ్రీనిచ్ టైము, అంటే యూటీసీ. మన టైము కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి, అంటే 5.5ని 24తో భాగించి ఆ వచ్చింది.

ఆ 1.74707ఇ+12 ఫైల్లో తప్పు కాదు, ఎక్సెల్ పెద్ద సంఖ్యను కుదించి చూపిస్తోంది. కానీ అలా కనబడుతుండగా సేవ్ కొట్టకండి. సీఎస్‌వీ ఫైలైతే కనిపిస్తున్న ముక్కే రాసేస్తుంది, మిగతా అంకెలు పోతాయి. ముందు ఆ కాలమ్‌ను దశాంశాలు లేని నంబర్ ఫార్మాట్‌లోకి మార్చండి. అసలు ఫైలు కాపీ ఒకటి పక్కన పెట్టుకుని, కాపీ మీదే పని చేయండి.

గుంటూరు_స్టోర్ (మే 14, రాత్రి 7:55)

చాలా థాంక్స్ సార్, తేదీలు వచ్చేశాయి. కానీ లెక్క ఎక్కడో తేడా కొడుతోంది. ఐదున్నర కలిపాక లాగర్‌లో వేడి పెరిగింది 13వ తేదీ తెల్లవారుజామున 3:12కి. తలుపు తెరిచింది 12 రాత్రి 9:43కి. అంటే కరెంటు పోకముందే, ఐదున్నర గంటల ముందే మా ఆపరేటర్ తలుపు తెరిచినట్టు కనబడుతోంది! ఓనర్ గారు "తలుపు బార్లా తీసి పెట్టి పడుకున్నాడు, అందుకే వేడెక్కింది" అంటున్నారు. అతనేమో కరెంటు పోయాకే వెళ్లానని ఒట్టేసి చెప్తున్నాడు. పదేళ్లుగా చూస్తున్న మనిషి.

బెజవాడ_బుల్లోడు (మే 14, రాత్రి 8:03)

బ్రో, ఇండియాలో ఉన్నాం కాబట్టి ఏ టైమ్‌స్టాంప్‌కైనా ఐదున్నర కలపాల్సిందే. ఆపరేటర్‌నే నిలదీయండి.

సర్వర్_రూమ్ (మే 14, రాత్రి 8:31)

తొందరపడకండి. మీరు ఇచ్చిన రెండు సంఖ్యల మధ్య తేడా చూడండి. రెండోదాన్ని సెకన్లలోకి తెచ్చి తీసేస్తే 19740. ఐదున్నర గంటలంటే 19800 సెకన్లు. అంటే కేవలం ఒక్క నిమిషం తక్కువ. రెండు వేర్వేరు పెట్టెల మధ్య తేడా సరిగ్గా ఐదున్నర గంటల దగ్గరికే వచ్చి ఆగిందంటే నేను ముందు అనుమానించేది గడియారాన్ని, మనిషిని కాదు.

నియమం ప్రకారం ఈ సంఖ్యకు దేశం ఉండదు. ఒకే క్షణంలో గుంటూరులోనైనా లండన్‌లోనైనా అదే సంఖ్య రావాలి. దేశాన్ని బట్టి మారేది చూపించేటప్పుడే. కానీ చవక లాగర్లలో టైమ్ జోన్ అనే సెట్టింగే ఉండదు. బిగించడానికి వచ్చినవాళ్లు తమ చేతి గడియారం చూసి 9:42 అని కొడతారు. లోపలున్న ప్రోగ్రాము దాన్నే గ్రీనిచ్ 9:42 అనుకుని సెకన్లు లెక్క కడుతుంది. అంటే ఆ సంఖ్యలో మన ఐదున్నర గంటలు అప్పటికే కలిసిపోయి ఉంటాయి. దానికి మళ్లీ ఐదున్నర కలిపితే రాత్రి 9:42 కాస్తా తెల్లవారి 3:12 అవుతుంది. మీకు వచ్చింది అదే.

తలుపు పెట్టె నెట్‌కి కలిసి ఉందా?

గుంటూరు_స్టోర్ (మే 14, రాత్రి 8:44)

ఉంది సార్. దానికి సిమ్ వేశారు, ఓనర్ గారి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. లాగర్‌కి ఏమీ లేదు, ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకోవాల్సిందే.

రాత్రి_డ్యూటీ (మే 14, రాత్రి 9:20)

నేను ఫార్మా గోడౌన్లో ఇలాంటి లాగర్లే చూస్తాను. సర్వర్_రూమ్ గారు చెప్పింది నిజమే, కానీ ఊహతో ఓనర్ ముందుకు వెళ్లకండి. పరీక్ష చేసి చూపించండి. సింపుల్. ఫోన్‌లో టైము చూసుకుంటూ లాగర్ ప్రోబ్‌ను, అంటే వేడి కొలిచే మొనను, పిడికిట్లో కాసేపు పట్టుకోండి. చల్లని చాంబర్లో అది టక్కున ఎగురుతుంది. ఆ నిమిషం కాగితం మీద రాసుకుని, ఇంకొకరి చేత సంతకం పెట్టించండి. తర్వాత ఫైలు దించి, ఆ ఎగిరిన వరుసలో ఉన్న సంఖ్యను మార్చి చూడండి. ఏమీ కలపకుండానే ఫోన్ టైము వస్తే దాంట్లో మన టైమే ఉన్నట్టు.

తలుపుకు కూడా అంతే. ఒకసారి తెరిచి మూసి టైము రాసుకోండి. నెట్ ఉన్న పెట్టె నుంచి సర్వర్‌కి వెళ్లేది మామూలుగా యూటీసీలోనే ఉంటుంది, అయినా చూడటంలో పోయేదేముంది.

ఇంకో మాట. నెట్ లేని లాగర్లో గడియారం నెలలు గడిచేకొద్దీ కొన్ని నిమిషాలు అటూఇటూ జరుగుతుంది. చలిలో ఉండే వాటిలో ఇంకా ఎక్కువ. ఎంత జరిగిందో కూడా ఈ పరీక్షలోనే తేలుతుంది.

గుంటూరు_స్టోర్ (మే 15, మధ్యాహ్నం 12:18)

చేశాం. ప్రోబ్ పట్టుకున్నది ఫోన్ ప్రకారం ఉదయం 10:05. ఫైల్లో ఎగిరిన వరుస 1747303620. ఐదున్నర కలపకుండా మారిస్తే 15వ తేదీ 10:07 వచ్చింది. తలుపు 10:20కి తెరిచాం, దాని సంఖ్యకు ఐదున్నర కలిపితేనే 10:20 వచ్చింది.

అంటే 12 రాత్రి లాగర్ చూపిన 9:42లో రెండు నిమిషాలు తీసేస్తే వేడి మొదలైంది 9:40కి. తలుపు తెరిచింది 9:43కి. మా ఆపరేటర్ మూడు నిమిషాల్లో లోపలికి వెళ్లాడు! ఓనర్ గారికి రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన ఏమీ అనలేదు కానీ జనరేటర్ మెకానిక్‌కి ఫోన్ కొట్టారు.

సర్వర్_రూమ్ (మే 15, మధ్యాహ్నం 12:40)

బాగుంది. ఇప్పుడు ఆ షీట్‌లో కాలమ్ పేరు ఒట్టి "టైము" అని ఉంచకండి. "లాగర్ అంకె", "భారత టైము, 2 నిమిషాలు సరిచేసినది" అని రెండు కాలమ్‌లు పెట్టండి. పచ్చి సంఖ్యను మాత్రం ఎప్పటికీ చెరపకండి. ఆరు నెలల తర్వాత ఇంకెవరో వచ్చి మళ్లీ ఐదున్నర కలుపుతారు, రాసి పెట్టుకోండి.

డాలస్_అబ్బాయి (మే 15, సాయంత్రం 6:55)

ఇంట్రెస్టింగ్ థ్రెడ్. గుంటూరు గారి మొదటి పోస్టు నాకు 14వ తేదీ ఉదయం 7:42 అని కనబడుతోంది, మీకు సాయంత్రం 6:12 అని ఉంటుంది. సర్వర్‌లో మాత్రం ఇద్దరికీ 1747226520 అనే ఉండాలి. సర్వర్_రూమ్ గారు చెప్పిన "చూపించేటప్పుడే మారుతుంది" అన్నది ఇదే.

మన దేశంలో ఏడాది పొడవునా ఐదున్నరే కాబట్టి ఎక్సెల్‌లో కలిపేసి ఊరుకోవచ్చు. ఇక్కడ ఆ సుఖం లేదు. డాలస్ ఇప్పుడు యూటీసీకి ఐదు గంటలు వెనక, చలికాలంలో ఆరు గంటలు. మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి. ఈ ఏడాది నవంబర్ 2న తెల్లవారుజామున 1:30 రెండుసార్లు వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు మీకు మధ్యాహ్నం 12 గంటలు, రెండోసారికి ఒంటి గంట. లాగ్‌లో ఒట్టి "1:30" అని రాసుకున్నవాడికి ఏది ఏదో ఈ జన్మలో తెలియదు. సెకన్ల సంఖ్య దాచుకున్నవాడికి ఏ గొడవా లేదు.

అందుకే ఇక్కడ "మైనస్ ఆరు" అని ఎక్కడా రాయం. జోన్ పేరు రాస్తాం. డాలస్‌కి వేరే పేరు లేదు, "అమెరికా/షికాగో" వాడాలి. అరిజోనా వాళ్లకైతే దాదాపు రాష్ట్రమంతా గడియారం మార్చరు, వాళ్లకు "అమెరికా/ఫీనిక్స్". ఏ ఊళ్లో ఏ ఏడాది ఏ రోజున గడియారం మారిందో ఆ చరిత్రంతా టీజెడ్ డేటాబేస్‌లో ఉంటుంది. ఫోన్లు, లీనక్స్, డేటాబేస్‌లు చాలావరకు దాన్నే నమ్ముకుంటాయి.

బెజవాడ_బుల్లోడు (మే 15, రాత్రి 7:10)

మనకు ఐఎస్‌టీ అని రాస్తే సరిపోతుందిగా అన్నా, ఈ పేర్లన్నీ ఎందుకు?

లీనక్స్_లచ్చమ్మ (మే 15, రాత్రి 7:32)

సరిపోదు తమ్ముడూ. ఐఎస్‌టీ అంటే ఇండియా వాళ్లది ఒకటి, ఇజ్రాయెల్ వాళ్లది ఒకటి, ఐర్లండ్ వాళ్లది ఒకటి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కి ఏ సెట్టింగూ మార్చకుండా ఐఎస్‌టీ అని ఇస్తే ఇజ్రాయెల్ అనుకుంటుంది, రెండు గంటలే లెక్క వేస్తుంది. మూడున్నర గంటల తేడా ఎక్కడిదో తెలియక జుట్టు పీక్కున్న టీమ్‌లు ఉన్నాయి. "ఏషియా/కోల్‌కతా" అని రాయి, లేదా ప్లస్ 05:30 అని రాయి. పాత సిస్టమ్‌లలో "ఏషియా/కలకత్తా" అని కనబడుతుంది, రెండూ ఒకటే.

లీనక్స్ ఉన్నవాళ్లకు ఎక్సెల్ కూడా అక్కర్లేదు. డేట్ కమాండ్‌కి మైనస్ డీ ఇచ్చి, సంఖ్య ముందు ఎట్ గుర్తు పెడితే చాలు. మ్యాక్‌లో అయితే మైనస్ ఆర్ ఇచ్చి నేరుగా సంఖ్య.

ఫైనలియర్_సీఎస్‌ఈ (మే 15, రాత్రి 9:48)

అక్కా, నాదో డౌట్. పైథాన్‌లో ప్రాజెక్ట్ చేస్తున్నా. మీరు చెప్పిన ఏషియా/కోల్‌కతానే పైటీజెడ్ లైబ్రరీతో ఇచ్చా. ఉదయం 10:00 ఇస్తే యూటీసీలో 4:30 రావాలి కదా, 4:07 వస్తోంది. ఐదున్నర కాకుండా 5:53 తీసేస్తోంది. 23 నిమిషాలు ఎక్కడివి? గైడ్ మేడం డెమో అడుగుతున్నారు, ఫుల్ టెన్షన్.

లీనక్స్_లచ్చమ్మ (మే 15, రాత్రి 10:05)

ఇది ఇండియా పిల్లలందరికీ ఒకసారి తగిలే దెబ్బ. ఆ 5:53 అంటే పాత కలకత్తా స్థానిక సమయం. గ్రీనిచ్ కంటే 5 గంటల 53 నిమిషాల 28 సెకన్లు ముందు. టీజెడ్ డేటాబేస్‌లో ఆ ఊరికి ఉన్న మొట్టమొదటి వరుస అదే, 1854కి ముందుది. నువ్వు పైటీజెడ్ జోన్‌ను నేరుగా టీజెడ్‌ఇన్ఫోలో పెట్టావు. అలా పెడితే అది తేదీ చూడకుండా ఆ మొదటి వరుసనే ఇస్తుంది. దాని లోకలైజ్ అనే ఫంక్షన్‌తో పెట్టాలి. ఇంకా మంచిది, పైథాన్ 3.9 నుంచి జోన్‌ఇన్ఫో భాషతోనే వస్తోంది, అది వాడు. దాంట్లో నేరుగా పెట్టినా సరిగ్గా వస్తుంది.

అలాగే యూటీసీ ఫ్రమ్ టైమ్‌స్టాంప్ అనే పాత ఫంక్షన్ జోలికి పోకు. అది ఇచ్చే దానికి జోన్ గుర్తు ఉండదు, తర్వాతి వరుసలో ప్రోగ్రాము దాన్ని లోకల్ టైము అనుకుంటుంది. 3.12 నుంచి దాన్ని వాడొద్దని హెచ్చరిక కూడా ఇస్తోంది.

ఫైనలియర్_సీఎస్‌ఈ (మే 15, రాత్రి 10:31)

జోన్‌ఇన్ఫోతో 4:30 వచ్చేసింది అక్కా!! దండాలు.

తుని_పాసింజర్ (మే 16, ఉదయం 8:15)

లచ్చమ్మ గారు పాత టైముల మాట ఎత్తారు కాబట్టి ఒక ముక్క. ఒకప్పుడు రైళ్లు నడిచింది మద్రాసు టైము మీద. అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు. 1906 జనవరి 1 నుంచి ఐదున్నర వచ్చింది. దానికి లెక్క 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. పుస్తకాల్లో మీర్జాపూర్ పేరే చెప్తారు కానీ ఆ గీత మా తుని పక్క నుంచి కూడా పోతుంది. నడినెత్తిన సూర్యుడికీ మా గడియారానికీ పెద్దగా తగాదా ఉండదు.

రైల్వే రిటైర్డ్ మనిషిని, సందు దొరికితే చెప్పకుండా ఉండలేను.

పంచాంగం_పిచ్చి (మే 16, ఉదయం 10:02)

తుని గారూ, మీలాంటి వారినే వెతుకుతున్నాను. మా తాతగారి జాతకం సాఫ్ట్‌వేర్‌లో వేయించాలి. పుట్టింది 1944 ఆగస్టు 10, ఉదయం 6 గంటలు అని రాసి ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ ఒక లగ్నం ఇస్తోంది, ఇంకోటి వేరేది. 1970కి ముందు తేదీలు కంప్యూటర్‌కి అర్థం కావా?

తుని_పాసింజర్ (మే 16, ఉదయం 11:20)

1970కి ముందువి మైనస్ సంఖ్యలుగా వస్తాయి, అంతే. ఎక్సెల్ సూత్రం కూడా పని చేస్తుంది. మీ చిక్కు అక్కడ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 వరకు దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిపారు. అప్పుడు మన టైము యూటీసీకి ఆరున్నర గంటలు ముందు. టీజెడ్ డేటాబేస్ వాడే సాఫ్ట్‌వేర్ అయితే ఆ గంట తీసేస్తుంది, ఐదున్నర అని గుడ్డిగా రాసుకున్నది తీయదు. లగ్నం ఇంచుమించు రెండు గంటలకోసారి మారుతుంది కాబట్టి ఒక్క గంట తేడా చాలు.

అయితే మీ తాతగారి పుట్టుక రాసినవారు ఏ గడియారం చూశారన్నది వేరే ప్రశ్న. ఊళ్లో పాత టైమే పాటించేవాళ్లు ఉండి ఉండొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే సూర్యోదయానికి ముందా తర్వాతా అని అడగండి. ఆగస్టులో మన వైపు ఐదున్నర లెక్కలో ఇంచుమించు 5:45కి పొద్దు పొడుస్తుంది. యుద్ధకాలపు గడియారంలో అది 6:45. చీకట్లో పుట్టారంటే రాసింది యుద్ధకాలపు ఆరు గంటలు.

పంచాంగం_పిచ్చి (మే 16, రాత్రి 8:40)

మా మేనత్త గారిని అడిగాను. "దీపం వెలుగులో పుట్టాడని మా అమ్మ చెప్పేది" అన్నారు. ధన్యవాదాలండీ.

బెజవాడ_బుల్లోడు (మే 17, ఉదయం 9:30)

ఇదంతా సరే, 2038లో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంటున్నారు, నిజమేనా?

సర్వర్_రూమ్ (మే 17, ఉదయం 10:10)

అన్నీ కాదు. సెకన్లను 32 బిట్ల సంఖ్యలో దాచుకునేవి మాత్రం 2147483647 దగ్గర నిండిపోతాయి. మన టైములో 2038 జనవరి 19 ఉదయం 8:44:07. తర్వాతి సెకన్‌కి 1901 డిసెంబర్‌లోకి పడతాయి. 64 బిట్లు వాడేవాటికి భయం లేదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్ అనే కాలమ్ రకానికి ఈ హద్దు ఇప్పటికీ ఉంది, డేట్‌టైమ్ రకానికి లేదు.

ఈ ఏడాది ఇరవై ఏళ్లకు తీసుకున్న ఇంటి లోన్ 2045లో తీరుతుంది. ఆ తేదీని ఆ కాలమ్‌లో పెట్టబోయినవాడికి 2038 ఇప్పుడే వచ్చినట్టు. గుంటూరు గారి లాగర్లాంటి చిన్న పెట్టెలే నాకు ఎక్కువ అనుమానం.

రాత్రి_డ్యూటీ (మే 17, ఉదయం 10:34)

తేదీ 1970 జనవరి 1 ఉదయం 5:30 అని కనిపిస్తే అది తేదీయే కాదు, అక్కడ సున్నా ఉందని అర్థం. బ్యాటరీ పోయిన లాగర్లలో రోజూ చూస్తుంటాను. 1970 జనవరి 20, 21 అని వస్తే సెకన్లను మిల్లీసెకన్లు అనుకుని భాగించినట్టు. ఏడాది యాభై వేలు దాటితే దానికి తిరగేసిన కేసు.

గుంటూరు_స్టోర్ (మే 19, ఉదయం 11:05)

లాగర్ కంపెనీ వాళ్లు ఫోన్ ఎత్తారు. గడియారాన్ని యూటీసీకి మార్చుకోవచ్చట, మెనూలో చూపించారు. ఇప్పుడే మార్చేయమంటారా? రెండు ఫైళ్లకూ ఒకే సూత్రం పెట్టుకోవచ్చు కదా.

సర్వర్_రూమ్ (మే 19, ఉదయం 11:26)

మార్చండి, కానీ నడుస్తున్న ఫైల్లో వద్దు. గడియారం ఐదున్నర గంటలు వెనక్కి వెళ్తుంది కాబట్టి ఆ ఐదున్నర గంటల సంఖ్యలు ఫైల్లో రెండోసారి వస్తాయి. డాలస్ అబ్బాయి చెప్పిన నవంబర్ 1:30 లాగానే. ఎవరైనా టైము ప్రకారం సార్ట్ కొడితే రెండు పూటల ఉష్ణోగ్రతలు కలగాపులగం అవుతాయి. ముందు ఫైలు పూర్తిగా దించుకుని, లాగర్ మెమరీ ఖాళీ చేసి, అప్పుడు గడియారం మార్చండి. ఆ రెండు నిమిషాలు కూడా అప్పుడే సరిచేయండి.

గుంటూరు_స్టోర్ (మే 19, ఉదయం 11:41)

అలాగే సార్. ఎలాగూ నెలాఖరుకు ఫైళ్లు దించుతాం, ఆ రోజే మారుస్తాను. పాత ఫైలు పేరులో "ఐదున్నర కలపరాదు" అని పెట్టేశాను.